సర్వర్ గది నీరుగంటి

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ ఐజాక్ సార్ చెయ్యి చాపి, "ఆ తాళంచెవి ఇట్లియ్యి కుళ్లాయప్పా" అన్నాడు.

కుళ్లాయప్ప ఇవ్వలేదు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవిని చొక్కా మీదనుంచే తడుముకుని నిలబడ్డాడు. ఆరేళ్లుగా అది అక్కడే ఉంది. స్నానం చేసినా తియ్యడు.

"ఎందుకు సార్?"

"ఎందుకంటే ఏం చెప్పేదప్పా. సర్వర్లో పాఠాలు దాచి పంచే ఆ ప్రాక్సీ పాతబడిపోయిందంట. దొంగలు దూరే సందులుండాయంట దాంట్లో. కొత్తది ఎక్కియ్యకుంటే లైను కట్ చేస్తామని పెద్దాఫీసు నుంచి కాయితం వచ్చినాది. ల్యాబు చూసే విష్ణువర్ధన్ ఉంటే ఎక్కిస్తాండె. ఆయప్ప బెంగుళూరు పాయె. సోమవారం కంపెనీవాళ్లు వచ్చి వాళ్ల పెట్టె ఒకటి పెట్టి సీలేసి పోతారు. ఇంగ ఆ సర్వర్ గదితో మనకేం పనుండాది?"

ఐజాక్ సార్ కాలేజీ మేనేజరు. చెడ్డవాడు కాదు. ఏ పనైనా మరుసటి రోజుకు మిగలకూడదనే తొందర మనిషి.

"ఆ పెట్టెలో వంతులుంటాయా సార్?" అని అడిగాడు కుళ్లాయప్ప.

"వంతులేంది? ఎవరు ముందు లాగితే వాళ్లకు."

కుళ్లాయప్ప తన అన్నం గిన్నె పక్కకు జరిపాడు.

పక్క బల్ల దగ్గర టిఫిను డబ్బా మూస్తున్న జాయ్ మేడం తల ఎత్తింది. విష్ణువర్ధన్ పోయాక ల్యాబు బాధ్యత ఆమె మీద పడింది. పాఠం చెప్పడానికి వచ్చిన మనిషి, సర్వర్ జోలికి ఎప్పుడూ పోయింది కాదు.

"రేపు చర్చి అయినాక నేను, అన్న కలిసి ఎక్కిస్తాం సార్" అంది.

"నీకొచ్చునా?"

"రాదు సార్. విష్ణు అన్న ఏమేం చెయ్యాలో కాయితం మీద రాసిపెట్టి పోయినాడు."

ఐజాక్ సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సరే. రేపు మాపటేళ ఆరింటికి హాస్టల్లో పాఠం నడవాల. నడిచిందా, కంపెనీవాళ్లతో మాట్లాడతా. నడవలేదా, సోమవారం పొద్దున తాళంచెవి నా టేబుల్ మీద ఉండాల. మళ్ల ఇంగో మాట లేదు."

*

కుళ్లాయప్ప వాళ్లది నీరుగంటి ఇల్లు. చెరువు తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చెప్పేది నీరుగంటి. ఊళ్లో ఎంత పెద్ద రైతయినా తూము మీద చెయ్యి వెయ్యకూడదు. నాయన ఆదెప్ప ఉన్నన్నాళ్లు ఆ కట్టు చెల్లింది. ఆయన పోయాక చెల్లడానికి చెరువులో నీళ్లే లేకపోయాయి. కుళ్లాయప్పకు బుద్ధి తెలిశాక ఆ చెరువు నిండింది రెండే రెండుసార్లు. రెండోసారి నిండినప్పుడు తూము మీద నాయన పక్కన కూర్చున్నాడు. అప్పటికి అయిదో తరగతి మానేసి ఏడాది.

ఆ తరువాత కట్ట మీద తుమ్మచెట్లు మొలిచాయి. కుళ్లాయప్ప శెనక్కాయ చేలల్లో కూలికి పోయాడు. బోర్లు వేసే లారీ వెంట జిల్లా అంతా తిరిగాడు. ఎన్ని వందల అడుగులు దించినా దుమ్మే పైకొస్తుంటే ఆ రైతుల మొహాలు చూడలేక అది కూడా మానేశాడు. బెంగుళూరులో ఇటుకలు మోశాడు. మోకాళ్లు చెడ్డాక తిరిగొచ్చి, గుత్తి దాటి అనంతపురం పోయే దారిలో ఈ ట్రస్టు వాళ్ల పాలిటెక్నిక్‌లో ఊడ్చే పనికి కుదిరాడు. పెళ్లాం నారాయణమ్మ అప్పటికే అక్కడి ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది.

ఊడ్చే మనిషి చేతికి సర్వర్ గది ఎట్లా వచ్చిందంటే, అది విష్ణువర్ధన్ చలవ.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం విష్ణువర్ధన్ గదిలో ఒక్కడే తల పట్టుకుని కూర్చున్నాడు. మడకశిర పక్క మనిషి, కోపమొస్తే సగం కన్నడంలో తిట్టుకుంటాడు. హాస్టలు పిల్లలకు పాఠాలు రావడం లేదని ఆరోజు మూడోసారి ఫిర్యాదు. చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కుళ్లాయప్పకు ఊరికే చెప్పడం మొదలుపెట్టాడు. బయటినుంచి వచ్చే లైను సన్నది. ఒక పిల్ల పాఠం తెరిస్తే అది ఆ లైను మీద మెల్లగా వస్తుంది. వచ్చినప్పుడు ఈ మిషను దాని నకలు ఒకటి తనలో దాచుకుంటుంది. రెండో పిల్ల అదే పాఠం అడిగితే బయటికి పోదు, దాచిన దాంట్లోంచే ఇస్తుంది. అయితే మొదటిసారి తెచ్చుకోవడానికైనా లైను దొరకాలి కదా. ఆఫీసు, ల్యాబులు, లైబ్రరీ అన్నీ దాటి చిట్టచివర ఉన్న హాస్టలుకు ఏమీ మిగలడం లేదు.

కుళ్లాయప్ప అంతా విని, "తూము యాడుండాది సార్ దీనికి?" అని అడిగాడు.

విష్ణువర్ధన్ తిరిగి చూశాడు. "ఏమంటివి?"

"ఇంతమంది లాగుతాంటే ఇంత, అంత అని ఆపేది ఒకటుండాల గదా సార్. తూము లేకుంటే మొదటి మడి మునుగుతాది, కడపటి మడి ఎండుతాది."

ఆ సాయంత్రమే విష్ణువర్ధన్ ఆ మిషనులో వంతులు పెట్టాడు. ఎవరికి ఏ వేళ ఎన్ని పాళ్లో రాసిన ఒక కాయితం మిషను లోపల ఉంటుంది. కుళ్లాయప్ప దగ్గర కూర్చుని చెప్పాడు, విష్ణువర్ధన్ కీబోర్డు మీద కొట్టాడు. ఒక్క చోట మాత్రం కుళ్లాయప్ప మాట చెల్లలేదు. ఆఫీసుకు రాత్రింబవళ్లు ఆరు పాళ్లు, ల్యాబులకు, లైబ్రరీకి కలిపి మూడు, హాస్టలుకు ఒకటి. "మేనేజరు మాటన్నా, నేనేం చేసేది" అన్నాడు విష్ణువర్ధన్. ఒక పాలైనా ఖాయంగా దక్కడంతో పిల్లలకు పాఠాలు ఆగి ఆగి అయినా రావడం మొదలైంది. గది తాళంచెవి కుళ్లాయప్ప మొలకెక్కింది. రోజూ దుమ్ము తుడిచేది, కరెంటు పోయి వచ్చినప్పుడు మిషను లేపేది, ఏ దీపం ఆరిందో చూసి చెప్పేది అతనే.

అప్పుడే ఒక పొడుగు నోటుబుక్కు కొనుక్కున్నాడు. మిషనులోని ఆ వంతుల కాయితంలో ఒక వరస కొత్తగా పెట్టినప్పుడల్లా తెర మీద చూసి ఒక్కొక్క అక్షరం ముగ్గు వేసినట్టు బుక్కులోకి దించుకుంటాడు. ఇంగ్లీషు చదవలేడు. కింద తెలుగులో 'ఇది ల్యాబు, పొద్దున తొమ్మిది', 'ఇది హాస్టలు' అని రాసుకుంటాడు.

"ఫోటో తీసుకుంటే పోదా అన్నా?" అనేవాడు విష్ణువర్ధన్.

"ఫోటో ఫోన్లో ఉంటాది సార్. రాస్తే చేతిలో ఉంటాది."

*

ఆదివారం జాయ్ చర్చి నుంచి నేరుగా వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు, ఇంకో చేతిలో విష్ణువర్ధన్ రాసిన కాయితం. కుళ్లాయప్ప అప్పటికే గది ఊడ్చి, కిటికీ తెరిచి, ఫ్యాను మిషను వైపు తిప్పిపెట్టి కాచుకున్నాడు.

"భయమవుతాండాదన్నా" అంది కుర్చీలో కూర్చుంటూ.

"నాకూ అంతే మేడం. నాకు భయమని మీకు తెలీకూడదని గోడకానుకున్నా."

జాయ్ నవ్వేసింది. కాయితం చూసుకుంటూ ఒక్కో మాటా కొట్టింది. తెర మీద నల్లటి నేల, తెల్లటి వరసలు చీమల బారులా పైకి పాకుతున్నాయి. కొత్త ప్రాక్సీ బయటినుంచి రావడానికే గంట పట్టింది. పన్నెండున్నరకు వరసలు ఆగిపోయాయి. తెర ఏదో అడుగుతోంది. విష్ణువర్ధన్ కాయితంలో ఈ ప్రశ్న లేదు.

"ఏమడుగుతాంది మేడం?"

జాయ్ రెండుసార్లు చదివింది. "వంతులు రాసిన కాయితం లేదూ, దాన్ని మీరు మార్చినట్లుండారు అంటాంది. కొత్త ప్రాక్సీతో పాటు కొత్త కాయితం వచ్చినాదంట. పాతది ఉంచాల్నా, కొత్తది పెట్టాల్నా అని."

విష్ణువర్ధన్‌కు ఫోన్ చేస్తే అందలేదు. దేవర జాతరకని మడకశిర అవతల వాళ్ల ఊరికి వచ్చాడు, అక్కడ కొండ వెనక సిగ్నల్ రాదు. రెండు నిమిషాలు చూసి జాయ్ కుళ్లాయప్ప వైపు తిరిగింది.

"నువ్వే చెప్పన్నా."

కుళ్లాయప్ప ఎక్కువ ఆలోచించలేదు. ఆ మాట అతను చిన్నప్పుడే నేర్చుకున్నాడు. చెరువుకు కొత్త నీళ్లు వచ్చిన ఏడాది నాయన పాత వంతు నడపడు. రైతులందరినీ కట్ట మీద కూర్చోబెట్టి మొదటినుంచి మళ్లీ వంతు కడతాడు. కిందటిసారి ఎవడు చివర ఉన్నాడో వాడిది ఈసారి మొదటి మడి. పాత వంతే పెడితే ఎండినవాడు ఎండుతూనే ఉంటాడని నాయన లెక్క.

"కొత్త నీళ్లు గదా మేడం. కొత్తదే పెట్టాల" అన్నాడు.

జాయ్ అట్లాగే కొట్టింది.

వరసలు మళ్లీ కదిలాయి. అంతా అయినట్టే అయింది. మిషను దీపాలు పచ్చగా వెలిగాయి. జాయ్ ఊపిరి వదిలి, చూద్దామని ల్యాబులో ఒక కంప్యూటరు తెరిచి వచ్చింది. వస్తూనే ఆమె మొహం మారిపోయింది.

"అన్నా, రానియ్యడం లేదు. మీకు అనుమతి లేదంటాంది."

"హాస్టలు?"

"ఎవరికీ లేదు. ఈ మిషను ఒక్కదానికే ఉండాది. మిగతావాళ్లందరికీ తలుపేసినాది."

కుళ్లాయప్ప గోడ పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. నాయన కాలంలో కట్ట మీద ఊరంతా కూర్చునేది, ఎవరి మడి ఎక్కడో అందరికీ తెలుసు. ఈ కొత్త కాయితానికి ఈ కాలేజీలో ఎవరూ తెలియదు. ముక్కూ మొహం తెలియని వాడు తూము కాడ నిలబడితే ఏం చేస్తాడు? అందరికీ మూస్తాడు. తన నోటితోనే కొత్తది పెట్టమన్నాడు. ఆరింటికి పిల్లలు చాపలు పరుచుకుని కూర్చుంటారు. సోమవారం పొద్దున మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఐజాక్ సార్ టేబుల్ మీద పెట్టాలి. హాస్టలుకు ఇప్పుడొచ్చే ఆ ఒక్క పాలు కూడా పోతుంది.

"నా వల్లే మేడం" అన్నాడు.

"కొట్టింది నేను. ఇద్దరం కలిసి ముంచినాం, ఇద్దరం కలిసే ఎత్తల్ల" అంది జాయ్. "దాచిన పాఠాలు పోలేదు, చూసినా. అన్నీ అట్లే ఉండాయి. పోయింది వంతుల కాయితం ఒక్కటే. అదేమన్నా విష్ణు అన్న యాడన్నా రాసిపెట్టినాడా?"

కుళ్లాయప్ప మోకాళ్లు పట్టుకుని లేచాడు. "ఆయప్ప కాదు మేడం. నేను."

*

నోటుబుక్కు హాస్టలు వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన గూట్లో ఉంటుంది. ఎలుకలు కొట్టకుండా నారాయణమ్మ దాన్ని పాత చీరముక్కలో చుట్టి పెడుతుంది. కుళ్లాయప్ప ఎండలో ఎగశ్వాసతో రావడం చూసి ఆమె గరిటె ఆపింది.

"ఏమయ్యా, అట్లుండావు? అన్నం తినలేదా?"

"బుక్కియ్యి ముందు."

"తాళం పోయిందా?"

"ఇంగా పోలేదు. సాయంత్రం దాకా టైముండాది."

ఆమె బుక్కుతో పాటు రెండు రొట్టెలు, శెనక్కాయ పొడి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. "మేడంకు కూడా పెట్టు. ఆ పిల్ల పొద్దున్నుంచి ఏం తినుంటాది."

సర్వర్ గదిలో జాయ్ బుక్కు తెరిచి వరసలు లెక్కపెట్టింది. ముప్పయ్యొక్క వరసలు. ఒక్కో అక్షరం బియ్యం గింజంత. చుక్కలు, గీతలు ఎక్కడివక్కడ. కింద వంకర తెలుగులో ఏది ఎవరిదో రాసి ఉంది.

"ఒక్క చుక్క తప్పు లేదన్నా దీంట్లో."

"తప్పు చేసేకి నాకు ఇంగ్లీషు వస్తేగదా మేడం."

ఆమె కొడుతుంటే అతను వేలు పెట్టి ఒక్కో వరసా చూపించాడు. ల్యాబు, పొద్దున తొమ్మిది నుంచి. లైబ్రరీ, మధ్యాహ్నం. ఇరవై మూడో వరస దగ్గర అతని వేలు ఆగిపోయింది. ఆరు పాళ్ల వరస.

"ఇది ఆఫీసుది. దీని కింద హాస్టలుది, ఒక పాలు" అన్నాడు. వేలు తియ్యకుండానే, "మేడం, ఎట్లా మళ్ల కొత్తగా రాస్తాండాం గదా" అన్నాడు.

"అయితే?"

"చివరోళ్లను ఈసారి ముందర పెడదామా?"

జాయ్ వేళ్లు ఆగాయి. "ఐజాక్ సార్ కొడతాడు మనల్ని."

"పొద్దంతా ఆయప్పవే ఆరు పాళ్లు. తీసేయమనడం లేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా హాస్టలుకు ఆరు, ఆఫీసుకు ఒకటి. ఆ టైములో ఆఫీసులో ఎవరుంటారు మేడం, బల్లులు తప్ప?"

ఆమె నవ్వాపుకోలేకపోయింది. తరువాత గంభీరంగా, "అడిగితే నేను కొట్టినానని చెప్తా" అంది.

"వద్దు. వంతు కట్టింది నేను. నన్నే అడగనీండి."

ముప్పయ్యొక్క వరసలూ కొట్టేసరికి మూడయింది. రొట్టెలు తింటూ మిషను లేపారు. లేవలేదు. జాయ్ తెర వైపు వంగింది. తెర మీద ఎర్రటి మాట ఒకటి వచ్చింది. చదివింది.

"పద్నాలుగో వరస. ఆ మాట ఇప్పుడు వాడరంట, కొత్త ప్రాక్సీకి అది అర్థం కాదంట. చెరిపేయాల్నా?"

"ఏ వరసా చెరపొద్దని విష్ణు సార్ చెప్పినాడు. దాని మొదట్లో కంప అడ్డం పెట్టండి."

"కంపేంది?"

అతను బుక్కులో ఒక మూల గీసి చూపించాడు. రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలు, చేను గట్టుకు అడ్డం పెట్టే ముళ్లకంపలాగా. "ఇది పెడితే మిషను దాని జోలికి పోదు. వరస మాత్రం అట్లే ఉంటాది. రేపు కావల్లంటే కంప తీసేయొచ్చు."

జాయ్ పద్నాలుగో వరస ముందు కంప పెట్టింది. మళ్లీ లేపింది. ఈసారి ఎర్రటి మాట రాలేదు. ఆమె లేచి ల్యాబులోకి పరుగెత్తింది. అక్కడినుంచే కేక వేసింది.

"వచ్చినాదన్నా!"

కుళ్లాయప్ప మిషను మీద అరచెయ్యి ఆనించి పెట్టాడు. వెచ్చగా ఉంది, లోపల సన్నగా రొద.

*

ఆరింటికి హాస్టలు హాల్లో నలభై మంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. అయిదు మందికో కంప్యూటరు. సువార్త అనే పిల్ల ముందు పాఠం తెరిచింది. తెర మధ్యలో చక్రం రోజూ తిరిగినట్టు తిరగడం మొదలుపెట్టింది. పిల్లలు అలవాటుగా నోటుబుక్కులు ముయ్యబోయారు. అంతలో చక్రం ఆగి, తెర మీద లెక్చరర్ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆగకుండా మాట్లాడుతున్నాడు.

"ఏమే, ఈరోజు ఆగలేదే" అంది ఒక పిల్ల.

"ఊరుకోవే, నీ నోటికి ఆగిపోతాది" అంది సువార్త.

తక్కిన కంప్యూటర్లలోనూ అదే పాఠం తెరుచుకుంది. వాటికి చక్రం తిరగనే లేదు. వంటింటి గుమ్మంలో నారాయణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి, పాఠం వైపు కాక మొగుడి మొహం వైపు చూస్తోంది.

ఐజాక్ సార్ ఆరుంపావుకు వచ్చాడు. హాలు చివర నిలబడి అయిదు నిమిషాలు చూశాడు. ఆఫీసు వైపు వెళ్లాడు. కాసేపటికి తిరిగొచ్చాడు.

"కుళ్లాయప్పా. నా కంప్యూటర్లో ఏందప్పా నత్త మాదిరి పోతాండాది?"

జాయ్ నోరు తెరవబోయింది. కుళ్లాయప్ప ముందుకొచ్చాడు.

"ఈ పొద్దు మీ వంతు కాదు సార్."

"నా వంతు కాకపోవడమేంది?"

"తొమ్మిది దాకా హాస్టలు వంతు. పొద్దున మీరొచ్చేసరికి మళ్ల మీకే ఆరు పాళ్లు. కొత్తది ఎక్కించినాం గదా సార్, వంతు కూడా కొత్తగా కట్టినా. ఇన్నాళ్లు చివరుండిన వాళ్లను ముందుకు తెచ్చినా. మేడంకేం సంబంధం లేదు, నేను చెప్తాంటే కొట్టినాది."

ఐజాక్ సార్ తల తిప్పి విన్నాడు. హాల్లోంచి పాఠం వినిపిస్తోంది. మధ్యలో తెగడం లేదు. కుళ్లాయప్ప చెయ్యి తనకు తెలియకుండానే మొల దగ్గరికి వెళ్లింది.

"ఆదివారం పూట నాకేం పనిలే ఆఫీసులో" అన్నాడు ఐజాక్ సార్ చివరికి. "ఏదో మ్యాచ్ చూద్దామని పెట్టినా." రెండడుగులు వేసి ఆగాడు. "రేపు రావద్దని కంపెనీవాళ్లకు చెప్తా. ఒక నెల చూస్తానప్పా. ఒక్కరోజు లైను పడిపోయినా నీ వంతూ లేదు, నా వంతూ లేదు."

"సరే సార్."

"గదికి సరిగ్గా తాళమేసుకో."

అతను వెళ్లాక జాయ్ ఫోన్ మోగింది. విష్ణువర్ధన్. కొండ ఇవతలికొచ్చి చేస్తున్నాడు, అయినా దేవర సద్దులో ఇటువైపు గట్టిగా అరవాల్సి వచ్చింది. జాయ్ జరిగిందంతా చెప్పింది. అవతల పెద్దగా నవ్వు.

"పాత కాయితం యాడికి పోతాదమ్మా, పక్కనే ఉంటాది. కొత్తది పెట్టమంటే పాతదానికి పాతదని తోక తగిలించి పక్కన పెడతాది మిషను. ఒక్క మాట కొడితే తిరిగొస్తాండె. దినమంతా ఊరికే కష్టపడినారు గదా."

జాయ్ కుళ్లాయప్ప వైపు చూసింది. "విన్నావా అన్నా? పాతది ఉందంట. తిరిగి పెట్టమంటావా?"

"వద్దు మేడం. పక్కనే ఉండనీండి, పాపం."

గదికి తిరిగొచ్చాక ఆమె ఇంటికి బయల్దేరబోతే కుళ్లాయప్ప ఆపాడు. "ఆ తెర ఒక్క గంట అట్లే ఉంచండి మేడం. మీరు పోండి, బస్సు దొరకదు మళ్ల."

ఆమె వెళ్లింది. అతను స్టూలు లాక్కుని, నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచి, పైన ఆదివారం అని రాసుకున్నాడు. కళ్లు మంటగా ఉన్నాయి, మోకాళ్లు సలుపుతున్నాయి. తెర మీది మొదటి అక్షరం చూసి బుక్కులో దించాడు. తరువాత రెండోది. పద్నాలుగో వరసకు వచ్చినప్పుడు ముందుగా కంప గీసుకున్నాడు.